వన్నామి రొయ్యల చెరువుల మెయిన్‌కు ఎలాంటి ఫ్యూజు స్విచ్ పెట్టాలి?

మీరు అడిగింది ఇదండీ. ఆకివీడు దగ్గర చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే రెండు హెచ్‌పీ ఏరియేటర్లు 24, నీళ్లు తోడటానికి 5 హెచ్‌పీ మోటారు ఒకటి, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు పోతే జనరేటర్ ఉన్నాయి. పింగాణీ ఫ్యూజుల పాత ఇనప మెయిన్ కాలిపోయింది. షాపులో 200 ఆంప్స్ ఎస్‌ఎఫ్‌యూ (స్విచ్, ఫ్యూజు కలిసి ఉండే యూనిట్) తీసుకోమన్నారు. మీ ఎలక్ట్రీషియన్ ఎంసీసీబీ (షార్టు అయితే తానే ట్రిప్ అయ్యే బ్రేకర్) చాలన్నాడు. ఎస్‌ఎఫ్‌యూకి తోడు ఆక్సెసరీల పేరుతో షాపువాళ్లు ఇంకో కొటేషన్ ఇచ్చారు. అవన్నీ అవసరమా అన్నది మీ సందేహం.

నేను భీమవరంలో ప్యానెల్ బోర్డులు కడతాను. చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులే నా పని. మెయిన్‌గా ఎస్‌ఎఫ్‌యూ తీసుకోండి. అయితే 200 అన్న అంకె చూసి తీసుకోకండి. ఆ అంకె ఒక్కటే చూసి కొన్నవాళ్లు మూడు విషయాలు అడగడం మర్చిపోతున్నారు: ఆ స్విచ్ ఎలాంటి లోడును తెంచగలదు, దానిలో కూర్చునే ఫ్యూజు ఏది, దాన్ని బిగించే పెట్టె ఎలాంటిది. ఆక్సెసరీల్లో మీకు కావలసినవి కొన్ని ఉన్నాయి, అక్కర్లేనివీ ఉన్నాయి. కింద చెప్తాను.

ముందు స్విచ్ సంగతి. ఎస్‌ఎఫ్‌యూ చేసేవి మూడు పనులు. మోటార్లు తిరుగుతుండగా మెయిన్ తీసినా వేసినా తట్టుకోవాలి. తీసేశాక అవతలివైపు ధైర్యంగా చెయ్యి పెట్టగలిగేంత ఎడం కాంటాక్టుల మధ్య ఉండాలి. షార్టు అయితే లోపలి ఫ్యూజు కేబుల్‌నీ స్విచ్‌నీ కూడా కాపాడాలి. పాత ఇనప మెయిన్‌లో బ్లేడు మన చేతి వేగంతోనే కదులుతుంది. వాచ్‌మ్యాన్ భయపడి మెల్లగా లాగితే నిప్పు సాగుతుంది, కాంటాక్టులు గుంటలు పడతాయి, తర్వాత మామూలు కరెంటుకే వేడెక్కడం మొదలవుతుంది. మీది కాలిపోవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉండాలి. మంచి ఎస్‌ఎఫ్‌యూలో హ్యాండిల్ తిప్పితే ముందు స్ప్రింగు బిగుసుకుంటుంది. ఒక హద్దు దాటగానే స్ప్రింగే కాంటాక్టులను లాగేస్తుంది. మీరు మెల్లగా తిప్పినా, గట్టిగా తిప్పినా లోపల వేగం ఒకటే. షాపులో బాక్సు తీయించి హ్యాండిల్‌ను కావాలనే మెల్లగా తిప్పి చూడండి. సగంలో ఎక్కడా ఆగకుండా ఠక్కున పడాలి. చేతితోపాటు జారుతూ వచ్చే స్విచ్ అయితే తిరిగి ఇచ్చేయండి.

ఇక తెంచే శక్తి. ఈ స్విచ్‌లకు మన దగ్గర వర్తించే ప్రమాణం ఐఎస్/ఐఈసీ 60947-3. అందులో లోడును బట్టి తరగతులున్నాయి. హీటర్లలాంటి లోడుకు ఏసీ-21, కలగలుపు లోడుకు ఏసీ-22, మోటార్లకు ఏసీ-23. పరీక్షలో ఏసీ-21 స్విచ్ తన రేటింగుకు ఒకటిన్నర రెట్లు, ఏసీ-22 మూడు రెట్లు తెంచి చూపిస్తే చాలు. ఏసీ-23 మాత్రం వేసేటప్పుడు పది రెట్లు తట్టుకుని, తీసేటప్పుడు ఎనిమిది రెట్లు తెంచాలి. అంటే 160 ఆంపియర్ల స్విచ్ ఏసీ-21 అయితే 240 దగ్గర, ఏసీ-23 అయితే 1280 దగ్గర పరీక్షకు నిలబడిందన్నమాట. పైన రాసిన అంకె రెండిటికీ 160 అనే ఉంటుంది. లేబుల్ మీద ఏసీ-22కి 200, ఏసీ-23కి 160 అని రెండు వరుసలు వేసే మోడళ్లూ ఉన్నాయి. షాపువాళ్లు పెద్ద అంకె చెప్తారు, మనం చూడాల్సింది మోటార్ల వరుస.

మోటారు కరెంటును తెంచడం ఎందుకంత కష్టమంటే, 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, నిప్పు ఆరే అవకాశం అప్పుడే. హీటరు లోడులో కరెంటు సున్నా అయినప్పుడు వోల్టేజీ కూడా సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆరిన నిప్పు మళ్లీ లేవదు. మోటారులో కరెంటు వెనకబడి నడుస్తుంది. అది సున్నాకు వచ్చే సరికి వోల్టేజీ బాగా పైన ఉంటుంది, ఇంకా వేడిగా ఉన్న ఖాళీలో నిప్పును మళ్లీ ఎగదోస్తుంది. అందుకే మంచి స్విచ్‌లో ప్రతి ఫేజుకూ రెండు చోట్ల తెగేలా కాంటాక్టులు పెడతారు. నిప్పు రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క పక్కనున్న ఇనప రేకుల మధ్యకు పోయి ఇంకా చిన్నచిన్న ముక్కలై చల్లారుతుంది.

ఏసీ-23 తర్వాత ఏ లేదా బి అని ఒక అక్షరం ఉంటుంది. ఏ తరచుగా వాడటానికి, బి అరుదుగా వాడటానికి. 100 నుంచి 315 ఆంపియర్ల మధ్య స్విచ్‌లకు ప్రమాణం అడిగే ఆన్‌లోడ్ ఆపరేషన్లు ఏకి 1000, బికి 200. చెరువుల మీద కరెంటు పోయినప్పుడల్లా మెయిన్ తీసి జనరేటర్ వేసే అలవాటు ఉంటే 200 ఎప్పుడు అయిపోతాయో లెక్క వేసుకోండి. ఏసీ-23ఏ అనే అడగండి.

రెండుచోట్ల తెగే డిజైనులో మీకు ఇంకో లాభం ఉంది. ఎస్‌ఎఫ్‌యూల్లో ఫ్యూజులు కదలకుండా ఉండి కాంటాక్టులు విడిగా కదిలే రకం ఒకటి, ఫ్యూజులే కదిలే భాగం మీద కూర్చుని లోపలికీ బయటికీ వెళ్లే రకం ఒకటి. రకం ఏదైనా సరే, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫ్యూజుకు రెండువైపులా కరెంటు లేకుండా పోవాలి. సప్లై వైపు మాత్రమే తెగే రకంలో, అవతల నుంచి జనరేటర్ కరెంటు పొరపాటున వెనక్కి వస్తే మీరు పట్టుకున్న ఫ్యూజుకు కరెంటు ఉంటుంది. జనరేటర్ లేని చెరువు మన వైపు ఎక్కడుందండీ? కాబట్టి ఇది తప్పకుండా చూడండి. అయితే ఏ స్విచ్‌లోనైనా, మెయిన్ తీసేసినా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే పై టెర్మినల్స్‌కు కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ సంగతి మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకు కూడా చెప్పండి.

ఇప్పుడు ఫ్యూజు. ఎస్‌ఎఫ్‌యూలో కూర్చునేది హెచ్‌ఆర్‌సీ, అంటే పెద్ద షార్టును తెంచగల ఫ్యూజు. దాన్ని చాలామంది పింగాణీ గొట్టంలో పెట్టిన ఫ్యూజు వైరు అనుకుంటారు. పోయినదాన్ని ఒకసారి పగలగొట్టి చూడండి. లోపల తెల్లటి క్వార్ట్జ్ ఇసుక బిర్రుగా కూరి ఉంటుంది. మధ్యలో రాగి లేదా వెండి రేకు, దానికి వరసగా నొక్కులు. షార్టు వల్ల పోయినదైతే రేకు ఉన్నచోట ఇసుక కరిగి గాజులా గట్టిపడి ఒక కడ్డీలా చేతికొస్తుంది. షార్టు వచ్చినప్పుడు ఆ నొక్కులన్నీ ఒకేసారి కరుగుతాయి, వరసగా చాలా చోట్ల నిప్పు పుడుతుంది, దాని వేడిని ఇసుక పీల్చుకుంటుంది. కరెంటు మొదటి శిఖరానికి చేరడానికి పట్టేది సుమారు 5 మిల్లీసెకన్లు. పెద్ద షార్టుల్లో హెచ్‌ఆర్‌సీ ఆ శిఖరానికి చేరనివ్వకుండానే తెంచేస్తుంది. ఓవర్‌లోడు సంగతి వేరు. దానికోసం రేకు మధ్యలో చిన్న తగరపు చుక్క పెడతారు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగి రాగిలో కలుస్తుంది, అక్కడ రేకు బలహీనపడి తెగుతుంది. కాబట్టి ఓవర్‌లోడులో తాపీగా, షార్టులో తక్షణం పోతుంది. పింగాణీ క్యారియర్‌లో పురి వేసిన రాగి పోగులకు ఈ లెక్క ఏదీ ఉండదు. రెండు పోగులు ఎక్కువ వేస్తే అది ఇక ఫ్యూజే కాదు.

మీ లెక్క చూద్దాం. రెండు హెచ్‌పీ త్రీఫేజు మోటారు నిండు లోడు మీద సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటుంది. 24 కలిపితే 79, ఐదు హెచ్‌పీకి ఏడు వేసుకుంటే 86. రాత్రంతా ఆగకుండా నడిచే లోడు ఇది. ఎండలో ఉన్న పెట్టెలో 100 ఫ్యూజు మీద 86 నడపడం నాకు ఇష్టం లేదు. ఫ్యూజు రేటింగు మామూలు గాలిలో ఇచ్చేది, మూసిన పెట్టెలో అది తగ్గుతుంది. కాబట్టి 125 ఆంపియర్ల జీజీ ఫ్యూజు (ఓవర్‌లోడునూ షార్టునూ రెండిటినీ చూసే రకం), 160 లేదా 200 ఏసీ-23ఏ స్విచ్. స్విచ్ ఒక సైజు పెద్దదైతే మంచిదే, చల్లగా నడుస్తుంది. ఫ్యూజు మాత్రం పెద్దది వేయకూడదు. 200 స్విచ్ కొన్నాం కదా అని 200 ఫ్యూజులు బిగించిన బోర్డులు నేను చాలాచోట్ల చూశాను. ఫ్యూజు కాపాడాల్సింది కేబుల్‌ని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెయిన్‌కు వచ్చే మీ కేబుల్ 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం పీవీసీది అయితే గాలిలో అది మోసేది 100 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. అప్పుడు 125 ఫ్యూజు దానికి ఎక్కువ, ముందు కేబుల్ మార్చాలి.

ఫ్యూజు మీద జీజీ, ఏఎం అని రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి. ఏఎం షార్టుకు మాత్రమే, ఓవర్‌లోడును పట్టించుకోదు. దాని వెనక ఓవర్‌లోడు రిలే ఉండి తీరాలి. మెయిన్‌కు జీజీ వేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నిండు కరెంటు 133 ఆంపియర్లు. ఇంపెడెన్సు 4.5 శాతం అయితే దాని టెర్మినల్స్ దగ్గర షార్టు కరెంటు మూడు వేల లోపే. హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు 80 వేల ఆంపియర్లు తెంచుతాయని కేటలాగులో రాసేది మీకు పెద్దగా పనికిరాదు. అది ఐసు ఫ్యాక్టరీలకు, పెద్ద మిల్లులకు కావాలి. మీ సమస్య దానికి తిరగబడింది: దూరపు చెరువు గట్టు మీద షార్టు అయితే కరెంటు మరీ తక్కువ వస్తుంది. మెయిన్ నుంచి 300 మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ వేశారనుకోండి. కిలోమీటరుకు 1.91 ఓములు. పోనూ రానూ కలిపి 1.15 ఓముల దాకా అవుతుంది. 415 వోల్టులకు చివర రెండు ఫేజుల మధ్య షార్టులో వచ్చేది 360 ఆంపియర్లు. 125 జీజీ ఫ్యూజు ఐదు సెకన్లలో కచ్చితంగా పోవాలంటే 715 ఆంపియర్లు కావాలి. 360 దగ్గర పది సెకన్ల దాకా అసలు కదలకపోవచ్చు, ఆ తర్వాత ఇంకెంతసేపు కేబుల్ ఉడికిపోతుందో చెప్పలేం. అదే కేబుల్ మొదట్లో 32 ఆంపియర్ల జీజీ ఫ్యూజు ఉంటే అదే 360కి సెకనులో పదో వంతులో పోతుంది. ఆరు ఏరియేటర్లకు 20 ఆంపియర్లే కాబట్టి 32 సరిపోతుంది.

కాబట్టి ఒక్క మెయిన్ ఫ్యూజుతో 24 ఏరియేటర్లకూ రక్షణ ఉంటుందనుకోవద్దు. ఆరేసి చొప్పున నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఫ్యూజులు పెట్టండి. జీజీ ఫ్యూజులు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు పైదానికీ కిందిదానికీ మధ్య 1.6 రెట్లు తేడా ఉంటే కిందిది ఒక్కటే పోతుంది, పైది నిలుస్తుంది. 125కీ 32కీ మధ్య అంతకన్నా చాలా ఎక్కువే ఉంది. ఒక చెరువులో షార్టు అయితే ఆ గుంపు ఒక్కటే ఆగాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళ 24 ఏరియేటర్లూ ఒకేసారి ఆగితే ఏమవుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు అన్నీ కలిసి స్టార్టు కాకుండా టైమర్లు కూడా పెట్టించండి. 24 మోటార్లూ ఒకేసారి లేస్తే 480 ఆంపియర్ల దాకా లాగుతాయి, కొన్ని సెకన్లు. మంచి ఫ్యూజు కూడా అలా మాటిమాటికీ దెబ్బ తింటే రేకు నీరసించి, ఏ కారణమూ లేకుండా ఒక రాత్రి పోతుంది.

ఆక్సెసరీల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఫ్యూజు పోయిందని చెప్పే ఏర్పాటు. ఫ్యూజుల గొప్పతనం ఎంత చెప్పినా వాటికి ఒక లోపం ఉంది. మూడింటిలో ఒకటే పోతుంది. మోటార్లు రెండు ఫేజుల మీద నడుస్తాయి, మిగిలిన రెండు వైండింగుల్లో కరెంటు పెరిగి కాలిపోతాయి. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. తిరుగుతున్న మోటార్లు తెగిపోయిన ఫేజు మీద సొంతంగా వోల్టేజీ పుట్టిస్తాయి. బోర్డు మీద ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలుగుతూనే ఉంటాయి. వోల్టేజీని మాత్రమే చూసే సస్తా ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటార్లను ఆపాల్సిన పరికరం) కూడా అంతా బాగానే ఉందనుకుంటుంది. నరసాపురం వైపు ఒక చెరువుల బోర్డు దగ్గర మూడు దీపాలూ నిక్షేపంగా వెలుగుతున్నాయి, టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే ఒక ఫేజులో కరెంటు సున్నా. అప్పటికే కొన్ని మోటార్ల నుంచి వార్నిష్ వాసన వస్తోంది.

దీనికి మందు స్ట్రైకర్ ఉన్న ఫ్యూజు. రేకు తెగగానే ఫ్యూజు తల నుంచి చిన్న పిన్ను ఎగిరి వచ్చి పక్కనున్న మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది. ఆ మైక్రోస్విచ్‌ను కాంటాక్టర్ (మోటార్లకు కరెంటు కలిపే, తెంచే అయస్కాంతపు స్విచ్) కాయిల్‌తో సిరీస్‌లో కలిపితే మోటార్లన్నీ ఆగుతాయి, సైరన్‌కు కలిపితే మోగుతుంది. మీకు రెండూ కావాలి. వాచ్‌మ్యాన్ లేచి జనరేటర్ మీదికి మార్చగలగాలి కదా. కొనేటప్పుడు గమనించండి: ఫ్యూజు పైన ఎర్ర చుక్కలా బయటికి వచ్చే సూచిక వేరు, మైక్రోస్విచ్‌ను నొక్కగల స్ట్రైకర్ వేరు. ఆ చిన్న సూచికకు నొక్కే బలం ఉండదు. ఫ్యూజు, దాని దిమ్మ, మైక్రోస్విచ్ మూడూ ఒకదానికొకటి సరిపోయేవే అయి ఉండాలి. మీ మోడల్‌కు అది దొరక్కపోతే ఫ్యూజు రెండు చివరల మధ్య వోల్టేజీని చూసే ఎలక్ట్రానిక్ మానిటర్ తీసుకోండి, లేదా కరెంటును చూసే ప్రివెంటర్. ఒక ఫ్యూజు పోతే మూడూ మార్చండి. మిగిలిన రెండూ అదే దెబ్బ తిన్నాయి, బయటికి కనపడదంతే.

తర్వాతది తలుపు ఇంటర్‌లాకు, తాళం వేసుకునే హ్యాండిల్. మెయిన్ ఆన్‌లో ఉంటే తలుపు తెరుచుకోకూడదు. ఆఫ్ చేసి తాళం వేస్తే ఇంకెవరూ ఆన్ చేయలేకపోవాలి. ఏరియేటర్ మధ్యలో నీళ్లలో నిలబడి బాగుచేసే మనిషికి గట్టు మీదున్న ఈ తాళమే ప్రాణం. తాళం చెవి నీళ్లలోకి దిగినవాడి జేబులోనే ఉండాలి. మూడు తాళాలు పట్టే హ్యాండిల్స్ దొరుకుతాయి, ముగ్గురు మూడు చోట్ల పనిచేస్తుంటే ముగ్గురూ వేసుకోవచ్చు. ప్రమాణం ప్రకారం ఉన్న స్విచ్‌లో కాంటాక్టులు లోపల అతుక్కుపోతే హ్యాండిల్ ఆఫ్ చూపించకూడదు, ఆ స్థితిలో తాళం పట్టకూడదు. నాసిరకం వాటిలో హ్యాండిల్ ఆఫ్ అంటుంది, లోపల కరెంటు పారుతూనే ఉంటుంది. అందుకే తాళం వేశాక కూడా టెస్ట్ ల్యాంపుతో మూడు ఫేజులూ చూసుకుని గాని దిగవద్దు.

టెర్మినల్ కవర్లు, ఫేజుల మధ్య అడ్డు పలకలు చవక, ఆలోచించకుండా తీసుకోండి. చీకట్లో బోర్డు తెరిచినప్పుడు చెయ్యి తగలకుండా ఉండటం ఒకటి. రెండోది బల్లులు. వెచ్చగా ఉంటుందని పెట్టెలోకి దూరుతాయి, రెండు ఫేజుల మధ్య పడతాయి, పేలుతుంది. మన వైపు బోర్డుల్లో ఇది అరుదైన సంగతి కాదు.

ఆగ్జిలరీ కాంటాక్టు ఒకటి తీసుకోండి. అందులో ముందుగా తెగే రకం అడగండి. హ్యాండిల్ తిప్పడం మొదలవగానే మెయిన్ కాంటాక్టులకన్నా ముందు అది తెగి స్టార్టర్ల కాయిల్స్ పడిపోతాయి. మెయిన్ కాంటాక్టులు దాదాపు ఖాళీ లోడు మీద తెరుచుకుంటాయి. స్విచ్ ఎన్నో ఏళ్లు ఎక్కువ బతుకుతుంది. టెస్ట్ పొజిషన్ ఉన్న హ్యాండిల్ మీకు అక్కర్లేదు, అది పెద్ద ఫ్యాక్టరీల కంట్రోలు ప్యానెళ్లకు. ఫ్యూజు తీసే పిడి మాత్రం తప్పనిసరి. బ్లేడ్ల రకం ఫ్యూజును కటింగ్ ప్లేయరుతో లాగితే పింగాణీ పగులుతుంది, చెయ్యి కాలుతుంది.

జనరేటర్ దగ్గర మాత్రం ఏ రాజీ వద్దు. మెయిన్‌కు ఒక స్విచ్, జనరేటర్‌కు ఒక స్విచ్ విడివిడిగా పెట్టి, ఒకటి తీసి ఇంకోటి వేస్తామని నోటి మాట మీద నడిపే చెరువులున్నాయి. ఎవరైనా మర్చిపోతే జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి అవతల 11 వేల వోల్టులవుతుంది. లైను ఆపేశారన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ చచ్చిపోతాడు. రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆన్ కాకుండా మెకానికల్ ఇంటర్‌లాకు కిట్ దొరుకుతుంది, లేదా తయారుగా వచ్చే చేంజోవర్ స్విచ్ పెట్టండి. చేంజోవర్ నాలుగు పోళ్లది అయి ఉండాలి, న్యూట్రల్ కూడా మారాలి. మెయిన్ ఎస్‌ఎఫ్‌యూకి మూడు పోళ్లూ న్యూట్రల్ లింకూ చాలు. న్యూట్రల్‌లో ఫ్యూజు మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

పెట్టె గురించి. కొల్లేరు దిగువనుంచి సముద్రం దాకా మన గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. పల్చటి ఇనప రేకు పెట్టె నాలుగు వానలకు అడుగు తుప్పుపట్టి పోతుంది. తుప్పు పట్టని ఎఫ్‌ఆర్‌పీ లేదా ఎస్‌ఎంసీ (ఫైబర్ ప్లాస్టిక్) పెట్టె, దుమ్మూ నీళ్లూ చొరని ఐపీ 65 రకం తీసుకోండి. అంత గట్టిగా మూసిన పెట్టెలో వేడి బయటికి పోదు. 125 ఫ్యూజు నిండు లోడులో ఒక్కోటి పది వాట్ల చుట్టుపక్కల వేడి వదులుతుంది. మూడు ఫ్యూజులూ స్విచ్ కాంటాక్టులూ కలిపితే లోపల చిన్న బల్బు రాత్రంతా వెలిగినట్టే. కాబట్టి స్విచ్ కన్నా బాగా పెద్ద పెట్టె తీసుకోండి, ఎండ తగలని చోట, తాటాకు పందిరి కిందైనా సరే పెట్టండి. కేబుళ్లన్నీ కింది నుంచే రావాలి, కేబుల్ చుట్టూ బిగిసే గ్లాండులతో. పైనుంచి కన్నం చేస్తే వాన నీళ్లు కేబుల్ పట్టుకుని లోపలికి దిగుతాయి.

మెయిన్లు ఎక్కువగా కాలేది లగ్గుల (కేబుల్ చివరలకు వేసే లోహపు తొడుగుల) దగ్గర. అల్యూమినియం లగ్గును రాగి టెర్మినల్ మీద నేరుగా బిగిస్తే తేమ తగిలి తెల్లటి పొడి పడుతుంది, పట్టు వదులవుతుంది, వేడెక్కుతుంది, ఇంకా వదులవుతుంది. బైమెటల్ లగ్గులు వాడండి, హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు పనికిరాదు. ఒకే టెర్మినల్‌కు రెండు కేబుళ్లు రావాలంటే ఒక లగ్గు మీద ఇంకో లగ్గు ఎక్కించకండి, టెర్మినల్ పొడిగింపు పట్టీలు ఆక్సెసరీగా దొరుకుతాయి. బోల్టు ఎంత బిగించాలో స్విచ్ మీదే న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది, టార్క్ స్పానరుతో అంతే బిగించాలి. లోడు మీద నెల నడిచాక మెయిన్ తీసి, కరెంటు లేదని చూసుకుని ఇంకోసారి అన్నీ చూడండి.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన ఎంసీసీబీ తప్పు కాదు. ట్రిప్ అయితే మూడు ఫేజులూ కలిసి తెగుతాయి, మళ్లీ వేసుకోవచ్చు, అర్ధరాత్రి ఫ్యూజు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ పై లైనులోనే ఒక ఫేజు పోతే అదేమీ కాపాడదు, అప్పుడు కావలసింది ఓవర్‌లోడు రిలేలూ ప్రివెంటరే. ఉప్పు గాలిలో ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్న ఎంసీసీబీ మెకానిజం అవసరం పడినప్పుడు సరిగ్గా పనిచేస్తుందా అన్నది బయటి నుంచి తెలియదు. ఫ్యూజులో కదిలే భాగమే లేదు. నేనైతే మెయిన్‌కు ఎస్‌ఎఫ్‌యూ, గుంపులకు ఫ్యూజులు లేదా చిన్న ఎంసీసీబీలు పెడతాను.

ఇవన్నీ పెట్టినా నీళ్లలో ఉన్న మనిషిని ఫ్యూజు కాపాడదండీ. మనిషిని చంపడానికి మిల్లీ ఆంపియర్లు చాలు, 32 ఫ్యూజుకు అది ఈగ వాలినట్టు కూడా కాదు. ప్రతి గుంపుకూ ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే తెంచే బ్రేకర్) పెట్టండి, వీలైతే 30 మిల్లీ ఆంపియర్లది. తడికి ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని బైపాస్ చేయించేవాళ్లున్నారు. అది ట్రిప్ అవుతోందంటే ఏదో ఒక ఏరియేటర్ కేబుల్‌లోకి నీళ్లు దిగాయని అర్థం. ఒక్కొక్కటే తీసి చూస్తే దొరుకుతుంది. మోటార్ల బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు వేయించండి, నిబంధన కూడా అదే.

షాపులో ఇలా చెప్పండి: ఏసీ-23ఏలో 160 లేదా 200, మూడు పోళ్లు, న్యూట్రల్ లింకుతో, ఆఫ్‌లో ఫ్యూజు రెండువైపులా తెగేది, తాళం పట్టే హ్యాండిల్, తలుపు ఇంటర్‌లాకు, టెర్మినల్ కవర్లు, అడ్డు పలకలు, ముందుగా తెగే ఆగ్జిలరీ ఒకటి, స్ట్రైకర్ మైక్రోస్విచ్, దానికి సరిపోయే 125 జీజీ ఫ్యూజులు ఆరు. మూడు స్విచ్‌లో, మూడు జిప్ కవర్లో పెట్టి అదే బోర్డు దగ్గర. స్పేరు లేని రాత్రే ఎవడో ఒకడు ఫ్యూజు మీద రాగి తీగ చుడతాడు.

పాత మెయిన్ విప్పేటప్పుడు కేబుల్ చివరలు చూసుకోండి. అల్యూమినియం నల్లబడి, పైన పీవీసీ గట్టిపడి విరుగుతుంటే ఆ ముక్క అంతా కోసేసి, మెత్తటి పీవీసీ, మెరిసే లోహం వచ్చేదాకా వెనక్కి వెళ్లాలి. అదే కాలిన చివరకు కొత్త లగ్గు వేస్తే కొత్త స్విచ్ కూడా అక్కడే కాలుతుంది. కోశాక కేబుల్ పొడవు చాలకపోతే పెట్టెను దగ్గరికి జరపండి, జాయింటు వేయకండి. ఆ కేబుల్ సైజు, దాని ఇన్సులేషన్ పీవీసీనా ఎక్స్‌ఎల్‌పీఈనా, మీ దూరపు గుంపుకు ఎన్ని మీటర్లు ఉందో రాయండి. 125 వేయొచ్చో 100తో ఆగాలో, గుంపులకు 32 సరిపోతుందో లేదో లెక్క కట్టి చెప్తాను.